ఇల్లు ఊడ్చే వంతు ఎవరిది?

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఊపిరాడని పనుల మధ్య ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం ఎట్లా?" అన్న విషయం మీద మాట్లాడమని మీరు అడిగినప్పుడు నాకు సంతోషం కలిగింది. మన సమావేశాల్లో భూమి గురించి, కూలి గురించి, హింస గురించి మాట్లాడుకుంటాం. చీపురు గురించి మాట్లాడుకోం. అది వారపత్రికల్లో ఇల్లాలికి చిట్కాల శీర్షిక కింద రావలసిన సంగతి అని మనకే ఒక చిన్నచూపు. కాని పది గంటలకని పిలిచిన సమావేశం పదకొండున్నరకు ఎందుకు మొదలవుతుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. ఎల్లారెడ్డి వైపు నుంచి వచ్చేవాళ్ళు బస్సు దొరకలేదని చెప్తారు. బస్సు దొరికే ఉంటుంది, బాసాన్లు తోమడం అయి ఉండదు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఒక్కొక్కరే సంచీ భుజానికి తగిలించుకుని లేస్తారు. తీర్మానాలు చేసే సమయానికి హాల్లో సగం మంది ఉండరు. కాబట్టి ఇది సంస్థకు సంబంధించిన సమస్య కూడా.

మనం చదివే సలహాలు ఎట్లా ఉంటాయో ఒకసారి గుర్తు చేసుకోండి. సోమవారం కిటికీలు, మంగళవారం అలమారాలు, రోజూ పొద్దున పదిహేను నిమిషాలు, రాత్రి పదిహేను నిమిషాలు. ఇవి కొత్తగా పుట్టినవి కావు. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ 1913లోనే, ఫ్యాక్టరీల్లో కార్మికుల కదలికలను నిమిషాల్లో కొలిచే పద్ధతిని వంటింట్లోకి తెచ్చి పుస్తకం రాసింది. ఎన్ని అడుగులు నడుస్తున్నారు, గిన్నె ఏ చేత్తో తీస్తున్నారు అని లెక్క. అప్పటి నుంచి ఇప్పటి దాకా సలహాలన్నింటిలో మారని అంశం ఒకటుంది. చేసే మనిషి ఒక్కతే. ఆమె గంటలను అటూ ఇటూ సర్దడమే ప్రణాళిక. ఫ్యాక్టరీలో పని పెరిగితే ఇంకో మనిషిని పెడతారు. ఇంట్లో పని పెరిగితే ఆమె నాలుగింటికి లేస్తుంది.

లెక్కలు కొన్ని చూద్దాం. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఏ రోజు తీసుకున్నా, ఆరేళ్ళు నిండిన ఆడవాళ్ళలో 81 శాతానికి పైగా జీతంలేని ఇంటిపని చేస్తున్నారు. మగవాళ్ళలో 26 శాతం. ఆ చేసేవాళ్ళను మాత్రమే తీసుకుని లెక్క వేసినా ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. పిల్లల్ని, ముసలివాళ్ళని చూసుకునే సమయం ఇందులో లేదు, దానికి వేరే పద్దు ఉంది. 2024లో అదే సర్వే మళ్ళీ చేశారు. ఆడవాళ్ళది 289కి దిగింది, మగవాళ్ళది 88కి దిగింది. అంటే ఐదేళ్ళలో ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయి. ఆ పది నిమిషాలు ఇంట్లో మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయని అనుకునే వీల్లేదు, ఎందుకంటే వాళ్ళకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి!

సౌకర్యాలు వస్తే పని దానంతటదే తగ్గుతుందని మనం అనుకుంటూ వచ్చాం. కొంత నిజమే. 1999లో దీపం పథకం కింద గ్యాస్ వచ్చిన ఇళ్ళలో మసిబారిన గిన్నెలను బూడిదతో రుద్దే బాధ తగ్గింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా వచ్చిన చోట బిందె మోయడం తగ్గింది. అయితే రూత్ కోవన్ అనే చరిత్రకారిణి అమెరికా గురించి 1983లో చూపించిన సంగతి మన దగ్గరా జరుగుతోంది. యంత్రం వచ్చిన చోట శుభ్రత ప్రమాణం కూడా పెరిగింది, గంటలు అనుకున్నంత తగ్గలేదు. బండలు పరిచిన ఇంటికి రోజూ తడిగుడ్డ కావాలి. స్వచ్ఛ భారత్ కింద 12 వేలు ఇచ్చి మరుగుదొడ్డి కట్టించారు. అది ఆడవాళ్ళకు ఎంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు. కాని దాన్ని ఎవరు కడుగుతారన్న ప్రశ్న ఏ అధికారీ అడగలేదు, ఏ ఇంట్లోనూ చర్చ జరగలేదు. చర్చ జరగని పని ఎవరి మీద పడుతుందో తెలిసిందే.

ఇప్పుడు మీ ప్రాంతం విషయానికి వస్తాను. నిజామాబాద్ జిల్లాలో భాగంగా ఉన్నప్పుడైనా, 2016 అక్టోబరులో కామారెడ్డి విడి జిల్లా అయ్యాకైనా, ఇక్కడ ఊరూరా బీడీలు చుట్టే ఇళ్ళున్నాయి. కమీషన్‌దారు దగ్గర తునికాకు, తంబాకు తూచి తెచ్చుకోవాలి. ఆకు నానబెట్టాలి, కత్తిరించాలి. చాట ఒళ్ళో పెట్టుకుని చుట్టాలి, కట్టలు కట్టాలి. ఆకు కత్తిరించిన ముక్కలు, తంబాకు పొడి, దారం పోగులు ఇంటి నిండా. అదే గదిలో పసిపిల్ల పడుకుంటుంది, అదే గదిలో అన్నం తింటారు. "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగితే చేతిలో బీడీ ఆపకుండానే "ఏం లేదక్కా, ఇంట్లనే ఉంట" అంటుంది. మారియా మీస్ నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద 1982లో రాసిన పుస్తకంలో కనిపించేది ఇదే. ఎగుమతికి సరుకు తయారుచేసే కార్మికురాలిని 'ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే గృహిణి' అని పిలిస్తే, ఆమెకు తక్కువ ఇవ్వడం సులభం. ఆమె కూడా తనను అట్లాగే చెప్పుకుంటుంది.

ఇందులో చట్టం పాత్ర ఒకటుంది, అది మీరు గమనించాలి. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర బీడీలు చుట్టేవాళ్ళని కూడా కార్మికులుగానే గుర్తించింది. అది మంచి విషయం. అదే చట్టం పనిచేసే స్థలం శుభ్రంగా ఉండాలని, గాలి, వెలుతురు ఉండాలని యజమాని మీద బాధ్యత పెట్టింది. అయితే ఆ 'పని స్థలం' నిర్వచనంలో నివాసపు ఇంటిని మినహాయించింది. ఈ రెండూ కలిపి చదవండి. మనిషి కార్మికురాలు, ఆమె కూర్చున్న చోటు మాత్రం పని స్థలం కాదు. కార్ఖానాలో అయితే తంబాకు పొడి ఊడ్పించడం యజమాని ఖర్చు. ఆ పొడి ఇంట్లోకి వచ్చిందనగానే అది ఆమె ఇంటిపని అయిపోయింది! వెయ్యి బీడీల కూలిలో ఆ ఊడ్పుకు పైసా లేదు. 2025 నవంబరులో ఆ పాత చట్టం స్థానంలోకి కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి. చట్టం పేరు మారిందిగాని ఇళ్ళలో పొడి ఎత్తే చెయ్యి మారలేదు. కూలి రేట్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఊడ్పు గంటను కూడా లెక్కలోకి తేవాలని బీడీ సంఘాల్లో పనిచేసేవాళ్ళను అడుగుతున్నాను.

"మగవాళ్ళకు ఊడ్వడం చేతకాదు, వాళ్ళు చేస్తే మళ్ళీ మనమే చేసుకోవాలి" అని చాలామంది అంటారు. నాకు ఈ మాట విన్నప్పుడల్లా గల్ఫ్ గదులు గుర్తుకొస్తాయి. ఈ జిల్లా నుంచి ఎంతమంది దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి వెళ్ళారో మీకు తెలుసు. అక్కడ ఒక గదిలో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటారు. వంటకు వంతు, గది ఊడ్వడానికి వంతు, బాత్రూం కడగడానికి వంతు. వంతు తప్పితే గొడవే. భార్య, చెల్లి, అమ్మ ఎవరూ లేని చోట పన్నెండు గంటల డ్యూటీ తర్వాత ఆ పని జరుగుతూనే ఉంది. అదే మనిషి రెండేళ్ళకు సెలవు మీద ఇంటికి వస్తాడు. తిన్న పళ్ళెం అక్కడే వదిలి చెయ్యి కడుక్కుంటాడు. కాబట్టి చేతకాకపోవడం అనేది లేదు. పని ఎట్లా పంచుకోవాలో అతనికి మనకంటే బాగా తెలుసు. తోటి మగవాళ్ళతో సమానుడిగా ఉన్న చోట వంతు ఉంది, ఇంటికి వచ్చాక లేదు.

అందువల్ల మీరడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది: మనకు కావలసింది గంటల పట్టిక కాదు, ఆ గదిలో ఉండే వంతుల పట్టిక. అందులో పని పేరు ఉండాలి, ఎదురుగా మనిషి పేరు ఉండాలి.

పట్టిక రాయడానికి ముందు పనులను తగ్గించాలి. మనం చేసే శుభ్రతలో ఆరోగ్యం కోసం చేసేది కొంత, నలుగురి మాట కోసం చేసేది కొంత. రెండూ కలిసిపోయి ఉంటాయి. తాగే నీళ్ళ బిందె, పొయ్యి దగ్గర, మరుగుదొడ్డి, మోరీ, పిల్లలు పడుకునే చోటు, ఇవి వదలడానికి లేదు. నీళ్ళు పట్టి ఉంచిన డ్రమ్ములు, తొట్లు వారానికొకసారి పూర్తిగా ఒంపి, రుద్ది, ఆరబెట్టాలి. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ అయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒకసారి అని లెక్క. డెంగీ వచ్చిందంటే నెల కూలి పోతుంది. మరి తెల్లారకముందే వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గు పెట్టాలన్నది? ముగ్గు ఇష్టమైతే పెట్టుకోండి, అందులో అందం ఉంది, నేను కాదనను. ఎనిమిదింటికి పెడితే ఇల్లేం కూలదు. ఇత్తడి చెంబులు తళతళలాడకపోతే జ్వరం రాదు. దీపం పెట్టిన తర్వాత ఊడిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందంటారు. నూనె దీపాల కాలంలో చీకట్లో ఊడిస్తే చిన్న వస్తువు ఏదైనా చెత్తలో పోతుందన్న జాగ్రత్త కావచ్చు. ఆరున్నరకు ఇల్లు చేరే మనిషి దీపం పెట్టాక కాక ఎప్పుడు ఊడ్వాలి? ఇంట్లో కరెంటు బల్బు ఉంది, లక్ష్మికి దారి కనిపిస్తూనే ఉంటుంది.

బీడీలు చుట్టే ఇంట్లో మరి కొన్ని జాగ్రత్తలు కావాలి. ఇల్లంతా ఎక్కడ పడితే అక్కడ కాక ఒకే మూల, వీలైతే అరుగు మీదనో వరండాలోనో, చాటకు చోటు ఖాయం చేసుకోవాలి. కింద గోనెపట్టా పరుచుకుంటే పని అయ్యాక అంచులు కలిపి ఎత్తి దూరంగా దులపవచ్చు. పొడి చీపురుతో ఊడిస్తే తంబాకు గాల్లోకి లేచి మళ్ళీ మన ముక్కుల్లోకి, పిల్లల ముక్కుల్లోకి పోతుంది. బండలైతే తడిగుడ్డతో తుడవాలి, మట్టి నేల అయితే నీళ్ళు చిలకరించి ఊడ్వాలి. పొయ్యి దగ్గరకు వెళ్ళే ముందు, పిల్లకు పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చుట్టేటప్పుడు కట్టుకునే చీర వేరే పెట్టుకుంటే మంచిది. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. ఇదంతా కూడా పని కింద రాసుకోండి. పట్టికలో దీనికి ఒక గడి ఉండాలి.

తర్వాత పేర్లు. ఎవరు తిన్న పళ్ళెం వాళ్ళే కడగాలి, ఎవరి పక్కబట్టలు వాళ్ళే మడవాలి. ఇది ఆరేళ్ళ పిల్లవాడి నుంచి వర్తిస్తుంది, ఇందులో వంతులు కూడా అక్కర్లేదు. రోజూ చేసేవి, అంటే ఒకసారి ఊడ్వడం, బాసాన్లు, పొయ్యి దగ్గర తుడవడం, రోజుకొకరు. వారానికొకసారి చేసే డ్రమ్ములు, మరుగుదొడ్డి, దుప్పట్లు పెద్దవాళ్ళ మధ్య పంచాలి. మరుగుదొడ్డి వంతు భర్తతో మొదలుపెట్టండి, ఎందుకు అని అడిగితే అక్షరక్రమం అని చెప్పండి. బూజు దులపడం, సామాన్లన్నీ బయటపెట్టి కడగడం లాంటివి దసరా ముందు రెండు రోజుల్లో ఒక్కతే నడుం విరగ్గొట్టుకుని చేసేకంటే నెలకొక గది చొప్పున పోవచ్చు. భర్త గల్ఫ్‌లో ఉండి, ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు పిల్లలు మాత్రమే ఉన్నవాళ్ళు ఇరుగుపొరుగు కలుపుకోండి. పొలం పనుల్లో ఒకరికొకరు బదులు పోతాం కదా, పెద్ద పనులకు ఇళ్ళ మధ్య కూడా అట్లా పోవచ్చు. ఒకటి మాత్రం పట్టుగా ఉండాలి: ఎవరి వంతు పని వాళ్ళు చెయ్యకపోతే అది ఆ రోజు అట్లాగే ఉండాలి. మనం లేచి చేసేశామంటే పట్టిక గోడ మీద బొమ్మే. అమ్మ వంతు తప్పించడానికి పదేళ్ళ ఆడపిల్ల చేతికి చీపురు ఇచ్చి, పన్నెండేళ్ళ అన్నను ట్యూషన్‌కు పంపే ఇళ్ళు నేను చాలా చూశాను. అది పంపకం కాదు, చాకిరీని ఒక తరం కిందికి దించడం.

ఇదంతా వినడానికి బాగుంది, ఇంటికి వెళ్ళి చెప్తే దెబ్బలు పడతాయి అని మీలో కొందరు అనుకుంటున్నారని నాకు తెలుసు. ఆ భయం ఊహ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. ఆ ఏడింటిలో ఇల్లు, పిల్లల్ని పట్టించుకోకపోవడం ఒకటి. కనీసం ఒక కారణానికి సబబే అన్న ఆడవాళ్ళు తెలంగాణలో 84 శాతం దాకా ఉన్నారు. దేశంలో ఇంత ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో మనది ముందుంది. ఊడ్వని ఇల్లు అంటే దెబ్బకు దొరికే సాకు అన్నమాట. అందుకే ఈ పట్టికను ఒంటరిగా ఏ ఇంట్లోనూ మొదలుపెట్టవద్దు. ఒక వాడలో నాలుగైదు ఇళ్ళు ఒకేసారి మొదలుపెడితే, "సంఘంల అందరు పెట్టుకున్నరు" అని చెప్పుకోవడానికి ఉంటుంది. ప్రమాదం ఉన్న ఇంట్లో ముందు హింస సంగతి చూడాలి, 2005 గృహహింస చట్టం సంగతి చూడాలి. పట్టిక తర్వాత.

కోర్టులు కూడా ఈ విషయంలో ఒక దారిన లేవు. 2021 జనవరిలో సుప్రీంకోర్టులో ఒక రోడ్డు ప్రమాదం కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ, నేను ఇందాక చెప్పిన 299, 97 నిమిషాల లెక్కనే ఉదహరించి, గృహిణి శ్రమకు ఆర్థిక విలువ ఉందని, దాన్ని లెక్కగట్టాలని రాశారు. బాధేమిటంటే ఆ విలువ ఆమె చనిపోయాక నష్టపరిహారంగా లెక్కకు వస్తోంది. బతికుండగా రాదు. 2022 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, పెళ్ళయిన స్త్రీని ఇంటిపని చెయ్యమనడం పనిమనిషిగా చూడడం కాదనీ, ఇష్టం లేకపోతే పెళ్ళికి ముందే చెప్పి ఉండాలనీ వ్యాఖ్యానించింది. పెళ్ళిచూపుల్లో ఆ మాట చెప్పగలిగే పిల్ల కామారెడ్డిలో కాదు, ఔరంగాబాద్‌లోనైనా ఉంటుందా? ఏడాది తిరక్కుండానే, 2023 సెప్టెంబరులో, అదే హైకోర్టులో మరో బెంచి ఇంటి బాధ్యతలు భార్యాభర్తలిద్దరూ సమానంగా మోయాలని చెప్పింది. ఊళ్ళో పంచాయితీల్లో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఈ రెండో తీర్పు మీకు పనికొస్తుంది.

పనిమనిషి గురించి రెండు మాటలు. జీతాలున్న మన కార్యకర్తల్లో కొందరు ఈ సమస్యను ఆ దారిన తీర్చుకున్నారు. తప్పు పట్టను. కాని మన ఇంట్లో వంతులు రాకుండా ఆమె అడ్డుపడుతోందా అని చూసుకోవాలి. మన ఇంటి మగవాళ్ళ వంతును, మనకంటే పేదరాలు, చాలాసార్లు మనం చిన్నచూపు చూసే కులానికి చెందిన స్త్రీ, తక్కువ డబ్బుకు చేస్తోంది. కనీసం వారానికొక సెలవు, ఏడాదికొకసారి జీతం పెంపు, తాగడానికి వేరే గ్లాసు పెట్టకపోవడం, ఇవి మనం అడగకుండానే ఇవ్వవలసినవి.

చివరగా వరద సంగతి, ఎందుకంటే ఆ దెబ్బ తిన్నవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన వానకు కామారెడ్డి పట్టణంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. నీళ్ళు తీశాక ఇళ్ళలో మిగిలింది బురద. ఆ బురద ఎత్తడం, నానిన పరుపులు ఎండబెట్టడం, బియ్యం డబ్బాలు కడగడం రోజుల తరబడి సాగే పని. ప్రభుత్వం నష్టం రాసేటప్పుడు కూలిన గోడ రాస్తుంది, పోయిన పంట రాస్తుంది, చచ్చిన బర్రెను రాస్తుంది. ఇంట్లో బురద ఎత్తడానికి పోగొట్టుకున్న బీడీ కూలి, పొలం కూలి ఏ గడిలో రాయాలి? మళ్ళీ ఎప్పుడైనా అట్లాంటి సర్వేకు అధికారులు వస్తే, ఎవరు ఎన్ని రోజులు ఇల్లు శుభ్రం చేశారో మీ దగ్గర రాసి ఉంచిన కాగితం వాళ్ళ ముందు పెట్టండి. తీసుకోకపోతే దాని మీదే వినతిపత్రం ఇద్దాం.

భోజనాల తర్వాత ఐదుగురు చొప్పున గుంపులుగా కూర్చుందాం. తలా ఒక తెల్లకాగితం ఇస్తారు. నిన్న తెల్లవారి లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా మీ ఇంట్లో జరిగిన శుభ్రత పనులన్నీ ఎడమవైపు రాయండి, చేసిన మనిషి పేరు కుడివైపు రాయండి. రాయడం రానివాళ్ళు చెప్తే పక్కవాళ్ళు రాయాలి. నిన్న చెయ్యకుండా వదిలేసినవి కూడా రాయండి, వాటి వల్ల ఏం జరిగిందో రాయండి. ఎల్లారెడ్డి బస్సు అందుకోవలసినవాళ్ళు ముందు గుంపులో కూర్చోండి, మీ కాగితాలు మొదట చూద్దాం.